ఒక్క సీసా చాలన్నారు

ఆ మందు పనిచేయదని మీకు తెలుసు. తెలిసే ఎక్కించారు. పెద్ద సారూ, మీకు తెలుసు. సారు చంకలో పెరిగిన అల్లుడూ, నీకూ తెలుసు. కమిటీలో కూర్చుని బిస్కెట్లు నమిలిన మహానుభావులారా, తెలుసుకుంటే ఏదో ఒకటి చేయాల్సి వస్తుందని మీరు తెలుసుకోలేదు, అంతే. బోర్డులు రాసుకుని బతికే ఒక మనిషి గొంతులో గడ్డ పెరుగుతుంటే మీరు గ్రాఫులు గీసుకున్నారు. ఆ గ్రాఫులు అందరికీ చూపించారు. ఆ మనిషి ఎలా పోయాడో మాత్రం ఎవరికీ చెప్పలేదు. చెప్పాలి కదా. వినండి.

యూనివర్సిటీలో జీవశాస్త్ర విభాగం, కింది అంతస్తు చివర కణాల గది. పెద్ద పెద్ద యంత్రాల మధ్య తెల్లకోట్లు తిరిగే చోటని బయటివాళ్లు అనుకుంటారు. నిజానికి అది పసిపిల్లల గదిలాంటిది. వేళకు మేత పోయాలి, వెచ్చగా ఉంచాలి, మురికి అంటనివ్వకూడదు. కణాలు పెరిగేది పలచటి ప్లాస్టిక్ డబ్బాల్లో. వాటి మేత గులాబీరంగు నీళ్లు. కడుపునిండా తాగాయంటే ఆ నీళ్లు పచ్చబడతాయి, మళ్లీ కొత్తవి పోయాలి. ఆదివారం లేదు, జ్వరం లేదు. అవి ఆగవు.

ఆ గదిలో పనిచేసే పరిశోధక విద్యార్థినిని అందరూ శుభ్రమ్మ అనేవారు. గ్లవ్సు వేసుకుని స్పిరిట్ కొట్టుకుంటుంది, తీసి మళ్లీ కొట్టుకుంటుంది. తన కణాల మేత సీసా వేరు. దాని మీద పెద్ద అక్షరాలతో "ముట్టుకోవద్దు" అని రాసి పెట్టుకునేది.

ఆ పేరు పెట్టింది అల్లుడు. డాక్టరేట్ అయిపోయినా ల్యాబ్ వదలకుండా, దాన్ని నడిపే ప్రొఫెసరు పెద్ద సారుకు కుడిచేయిగా ఉండిపోయిన మనిషి. సారుకు అసలు కూతుళ్లే లేరు. అయినా అల్లుడికున్న హోదా అంతా అతనికి ఉండేది. పని అడిగేవాళ్లు లేరు, అలిగితే బతిమాలేవాళ్లు ఉన్నారు.

"ఏం శుభ్రమ్మా, గాలి కూడా వడగట్టి పీలుస్తావా?" అనేవాడు.

"నువ్వు వదిలిన గాలి కదా, తప్పదు" అనేది.

ఇందులో నవ్వులాట కాని సంగతి ఒకటుంది. ఒక రకం కణాలకు వాడిన మేత సీసా ఇంకో రకానికి వాడకూడదు. ఏ దేశంలో ఏ ల్యాబ్‌లో అడిగినా ఇదే చెబుతారు. పెద్ద సారు ల్యాబ్‌లో మాత్రం నియమం తిరగేసి ఉండేది. తెరిచిన సీసా ఖాళీ అయ్యేదాకా అందరూ అన్నిటికీ అదే వాడాలి. "ఇది ల్యాబా, హోటలా? మనిషికో గ్లాసు పెట్టడానికి? ఒక్క సీసా చాలు" అనేవాడు సారు. ఆయన పొదుపు గురించి మీటింగుల్లో చప్పట్లు కూడా కొట్టారు.

ఆ గదిలో రెండు రకాల కణాలు ఉండేవి. ఒకటి సారు సొంత ఆస్తి: ఎప్పుడో ఒక మగమనిషి ఆహారనాళంలోని క్యాన్సర్ గడ్డ నుంచి తీసి పెంచానని ఆయన చెప్పుకునే కణాలు. ల్యాబ్‌లో వాటిని గొంతు కణాలనేవారు. ఆయన పేరూ పదవీ వాటి మీదే నిలబడ్డాయి. రెండోవి హీలా. ఎన్నో ఏళ్ల కిందట ఒక స్త్రీ గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్ నుంచి వచ్చి, ప్రపంచమంతా ల్యాబుల్లో పాకిన మొండి కణాలు. చావంటే ఎరగనివి. తడి చుక్కతోపాటు వాటిలో ఒక్కటి పక్క డబ్బాలో పడితే చాలు, అద్దెకొచ్చినవాడు ఇల్లు తన పేర రాయించుకున్నట్టే. కొన్నాళ్లకు అసలు కణాలు ఉండవు. ఇవే ఉంటాయి. పైన చీటీ మాత్రం పాతదే ఉంటుంది.

శుభ్రమ్మను పెంచింది బాబాయి, పిన్ని. తండ్రి ఆమెను బడిలో వేయకముందే పోయాడు, తల్లి ఆయన వెనకే పోయింది. పిల్లల్లేని బాబాయి ఈ పిల్లను భుజాన వేసుకుని, ఇంకో భుజానికి నిచ్చెన తగిలించుకుని వీధి వీధీ తిరిగి బోర్డులు రాశాడు. విభాగం వరండా గోడ మీద పరిశోధన రంగాల పేర్లు రాసింది కూడా ఆయనే. కణ విభజన, జన్యువుల నియంత్రణ, ప్రోటీన్ల మడతలు, క్యాన్సర్ కణాలు.

"ప్రోటీన్లకు మడతలేంటే అమ్మడూ? ఇస్త్రీ చేసే దిక్కు లేదా ఇంత పెద్ద కాలేజీలో?" అన్నాడు నిచ్చెన మీంచి.

"చిన్నగా బాబాయ్. ఆ మడతల మేడమ్ నీ వెనకే ఉంది."

పెద్ద సారు వచ్చి, తన రంగం పేరు మిగతావాటికన్నా కాస్త పెద్ద అక్షరాల్లో ఉండాలన్నాడు. బాబాయి రాసింది చెరిపి, మళ్లీ పెద్దగా రాశాడు.

ఆ తర్వాత కొన్ని నెలలకే బాబాయికి ముద్ద దిగడం మానేసింది. ప్రతి ముద్దకూ నీళ్లు తాగేవాడు. పిన్ని పోరు పెట్టి యూనివర్సిటీకి రోడ్డు అవతలి హాస్పిటల్‌కు తోలుకెళ్లింది. సర్జన్ చూసి చెప్పాడు: "ఆహారనాళంలో గడ్డ. క్యాన్సరే. కానీ చిన్నది, నాళం గోడ దాటలేదు. ఇప్పుడే కోసేస్తే బాగుపడే అవకాశం చాలా ఉంది. ఆలస్యం చేయకండి."

కోత మామూలుది కాదు. ఛాతీ తెరిచి, పాడైన నాళం తీసేసి, పొట్టను పైకి లాగి కుట్టాలి.

"పొట్ట మెడ దాకా వస్తుందటే" అన్నాడు బాబాయి. "ఇక ఆకలేస్తే మెడ పట్టుకోవాలా?"

నవ్వించాడు కానీ భయపడ్డాడు. ఆ భయాన్ని శుభ్రమ్మ చూసింది. చూసి, తన చేతిలో మందు ఉందనుకుంది. సారు తయారుచేసిన మందునే అదే హాస్పిటల్‌లో రోగుల మీద పరీక్షిస్తున్నారు. కోతకు ముందు కొన్ని వారాలు ఎక్కిస్తే గడ్డ కుంచించుకుపోతుందని, కోత చిన్నదవుతుందని ఆశ. ఆ మందును గొంతు కణాల మీద పోసి చూసింది శుభ్రమ్మే. పోసిన మర్నాటికి డబ్బా అడుగున ఒక్కటీ బతికి ఉండేది కాదు.

సారు గదికి వెళ్లి అడిగింది. సారు పెన్ను మూత తిప్పాడు. పక్కన కూర్చున్న అల్లుడు తన బూట్ల వంక చూసుకున్నాడు.

"మీ బాబాయా?"

"అవును సార్. నాకు తండ్రైనా ఆయనే."

"సరే. చేర్పించు."

ఆయన మంచితనం గురించి ఆ ఇంట్లో వారం రోజులు చెప్పుకున్నారు. పిన్ని ఒక్కతే నసిగింది. "కోసేస్తే పోయేదానికి ఇవన్నీ ఎందుకే? డాక్టరు ఆలస్యం చేయొద్దన్నాడు కదా."

"పిన్నీ, నా కళ్లతో చూశాను. ఒక్క కణం బతకదు."

"నువ్వంటే సరే మరి" అంది పిన్ని.

వార్డులో వరసగా కుర్చీలు, ప్రతి కుర్చీ పక్కన ఒక స్టాండు, స్టాండుకు మందు సంచి. బాబాయి పక్క కుర్చీలో ఒక బస్సు కండక్టరు. ఇద్దరికీ ఒకటే జబ్బు, ఒకటే మందు. ఇద్దరి నోళ్లూ మూతపడేవి కావు.

"ఇది మా అమ్మాయి వండిన మందండీ" అనేవాడు బాబాయి సంచి చూపించి. "ఇంట్లో అన్నం సరిగా వండదు గానీ ఇది బాగా వండుతుంది."

"అయితే పూర్తిగా దింపేద్దాం, చివరి స్టాపు దాకా" అనేవాడు కండక్టరు.

వారాలు గడిచినా ముద్ద ఇంకా కష్టమైంది. మందు పట్టేటప్పుడు వాపు ఉంటుందని వార్డు డాక్టరు చెప్పాడు. శుభ్రమ్మ కూడా అదే చెప్పింది. నమ్మి చెప్పింది.

ఈలోగా ఆమె రాసిన వ్యాసాన్ని అచ్చువేయబోతున్న పత్రికవాళ్లు ఒక మాట అడిగారు. మీ కణాలు ఏ మనిషివో డిఎన్ఎ వేలిముద్ర పరీక్ష చేయించి పంపండి అని. "ఆ సంగతి అల్లుడు చూసుకుంటాడు, నువ్వు వేలు పెట్టకు" అన్నాడు సారు. అల్లుడు ఏదో సదస్సుకని వేరే దేశం వెళ్లి కూర్చున్నాడు. పత్రిక గడువు తరుముకొస్తోంది. ఇంత చిన్న పనికి ఎదురుచూడ్డం ఎందుకని శుభ్రమ్మ కాసిన్ని కణాలు పట్టుకెళ్లి పక్క భవనంలో వేలిముద్రలు చూసే ఆవిడకు ఇచ్చివచ్చింది.

ఆవిడే ఫోన్ చేసింది.

"ఏమ్మా, మగమనిషి గొంతులోవి అన్నావు కదూ?"

"అవునండీ."

"మగ గుర్తు ఒక్కటీ కనపడలేదమ్మా. పైగా ఇవి నాకు తెలిసిన మొహాలే. హీలా."

"మళ్లీ ఒకసారి చూడండి, ప్లీజ్."

"చూశాకే చేశాను. ఎన్నిసార్లు చూసినా అదే మొహం."

శుభ్రమ్మకు మొదట తన మీదే అనుమానం వచ్చింది. తన డబ్బాలోనే ఎక్కడో కలిసి ఉంటాయి, సారు పాత ఫలితాలు నిజమే అయి ఉంటాయి అనుకుంది. అలా అనుకోవడం ఆమెకు అవసరం. చల్లటి నైట్రోజన్ ట్యాంకు మూత తీసి, పొగల్లో చేయి పెట్టి, అన్నిటికన్నా అడుగున ఉన్న చిన్న ప్లాస్టిక్ సీసా పైకి తీసింది. అంత పాతది అదొక్కటే ఉంది. తను ఈ విభాగంలో అడుగు పెట్టకముందు గడ్డకట్టించి దాచింది. మీద సారు చేతిరాత. దాన్ని కరిగించి, సొంత సీసాలోంచి మేత పోసి, పెరిగేదాకా, పరీక్షకు ఇచ్చి జవాబు వచ్చేదాకా ఆగింది.

ఆ ఆగిన రోజుల్లోనే బాబాయికి ఇంకో సంచి ఎక్కించారు. పక్కన కూర్చుని, మెలికపడిన గొట్టాన్ని సరిచేసింది శుభ్రమ్మే.

పాత సీసాలోవీ హీలాయే. ఇల్లు ఎప్పుడో చేతులు మారిపోయింది. ఆ మందు గొంతు క్యాన్సర్ కణాన్ని ఒక్కదాన్ని కూడా ఎన్నడూ చంపలేదు. దాని ముఖం కూడా చూడలేదు.

సారు గదిలోకి వెళ్లేసరికి అల్లుడు తిరిగొచ్చి టీ తాగుతున్నాడు.

"సార్, ఇవి గొంతు కణాలు కావు."

"తలుపెయ్యి" అన్నాడు సారు. "క్యాన్సర్ కణాలు మగ గుర్తు పారేసుకుంటాయి. మొదటి సంవత్సరం పిల్లలకు చెప్పే పాఠం."

"పారేసుకుంటాయి సార్. కానీ ఇంకొకరి వేలిముద్రలు తెచ్చిపెట్టుకోవు కదా."

సారు కళ్లజోడు తీశాడు. "ఏ సీసా తీశావు?"

"అడుగుది. మీద రాత మీదే."

"నేను చెప్పాను కదా సార్, ట్యాంకుకు తాళం వేద్దామని" అన్నాడు అల్లుడు, టీ కప్పు కింద పెట్టకుండానే.

శుభ్రమ్మ కుర్చీ పట్టుకుంది. "అంటే... మీకు తెలుసా?"

"తెలియకపోవడమేంటి?" అన్నాడు సారు. " నీకు ముందు ఒకడు అదే కుర్చీ పట్టుకుని ఇదే చెప్పాడు. ఇప్పుడు మందుల షాపుల చుట్టూ శాంపిళ్ల బ్యాగు మోస్తున్నాడు."

"మరి మా బాబాయిని ఎందుకు చేర్చుకున్నారు సార్?"

"నువ్వే కదా అడిగావు?"

"వద్దనాల్సింది."

"ఏమని వద్దనాలి?" నిజంగానే జవాబు తెలియనట్టు అడిగాడు సారు. "ఎందుకు వద్దన్నారని ఆలోచించేదానివి. నువ్వసలే శుభ్రమ్మవి. తవ్వకుండా ఊరుకుంటావా? చేర్పించమనడమే తేలిక."

ఒక మనిషిని చంపడానికి వాళ్లకు పగ అక్కర్లేదు. వద్దని చెప్పడం కాస్త ఇబ్బందిగా ఉంటే చాలు.

"హాస్పిటల్‌కు ఫోన్ చేయండి సార్. ఇప్పుడే చేయండి. మిగతావాళ్లు కూడా ఉన్నారక్కడ."

"ఈ విభాగంలో సగం మంది ఆ మందు మీద బతుకుతున్నారు, నీతో సహా. వెళ్లి థీసిస్ రాసుకో. సంతకం పెడతాను. డాక్టరమ్మవైతే మీ బాబాయి చూసి సంతోషిస్తాడు." సారు కళ్లజోడు పెట్టుకున్నాడు. "ఉన్నన్నాళ్లు."

ఆమె పరిగెత్తింది. రోడ్డు దాటి, మెట్లెక్కి, వార్డు డాక్టరు చేయి పట్టుకుని చెప్పింది. ఆయన జాలిగా చూశాడు.

"మీ సారు ఇప్పుడే ఫోన్ చేశారమ్మా. ఇంట్లో జబ్బు కదా, అమ్మాయి తట్టుకోలేకపోతోంది, ఏదన్నా అంటే పట్టించుకోకండి అన్నారు."

ఫోన్ చేయమంది కదా. చేశాడు.

బాబాయి కుర్చీలో ఉన్నాడు. సంచి సగమైంది. శుభ్రమ్మ గొట్టం బిగించి ఆపేసింది. మోకాళ్ల మీద కూర్చుని, ఒక్కటీ దాచకుండా చెప్పింది. పక్క కుర్చీలో కండక్టరు నోరు తెరుచుకుని వింటున్నాడు.

"అంటే వేరేవాళ్ల జబ్బుకు మందు నాకు పోశారా?" అడిగాడు బాబాయి.

"ఎవరి జబ్బుకీ కాదు బాబాయ్. డబ్బాలో పెరిగే కణాలకు మందు."

"మీ సారుకు తెలుసా?"

"తెలుసు."

"నాచేత గోడ మీద రాయించినప్పుడో?"

"అప్పుడూ తెలుసు."

బాబాయి కాసేపు తన చేతికి గుచ్చిన సూది వంక చూశాడు. "అందుకే అక్షరాలు పెద్దవి కావాలన్నాడు" అన్నాడు. ఆ మాటకు తనొక్కడే నవ్వాడు. నవ్వుతుండగానే దగ్గు వచ్చింది.

సర్జన్ కొత్త స్కాను వెలుగుకు పెట్టి చూశాడు. గడ్డ గోడ దాటింది. శ్వాసనాళాన్ని పట్టుకుంది. "ఇప్పుడు కొయ్యలేనమ్మా. కోస్తే బల్ల మీదే పోతాడు. నేను మొదట్లోనే చెప్పాను కదా, ఆలస్యం చేయొద్దని." ఆయన కోపంగా అన్నాడు. ఆ కోపానికి ఎదురుగా ఉన్నది శుభ్రమ్మే.

వరండాలో బెంచీ మీద పిన్ని కూర్చుని ఉంది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"నువ్వంటే సరే అన్నాను" అంది. అంతే.

రేడియేషన్ కరెంటు పెట్టారు, ఇంకేవో పెట్టారు. గడ్డ శ్వాసనాళానికి చిల్లు పెట్టింది. చుక్క నీళ్లు మింగినా ఊపిరితిత్తుల్లోకి పోయేవి. వీధి వీధీ అరిచి బేరాలాడిన మనిషి సొంత ఉమ్మి మింగలేక, పక్కన గిన్నె పెట్టుకుని కూర్చున్నాడు. దాహం, దాహం అని వేళ్లతో చూపించేవాడు. ఒక సాయంత్రం శుభ్రమ్మ చెంచాతో నీళ్లు తీసి పెదవులు తడపబోయింది. పిన్ని ఆ చెంచా ఆమె చేతిలోంచి తీసుకుంది.

"నీ చేత్తో ఇంకేమీ పోయొద్దు, తల్లీ."

తల్లీ అనే అంది. ఆ పిలుపు మానలేదు. బాబాయి ఆ వారమే పోయాడు. ఊపిరాడక, కళ్లు తెరుచుకుని, కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. చివరి మాటలేమీ లేవు. మాట రావడానికి గొంతెక్కడుంది?

తర్వాత యూనివర్సిటీ విచారణ కమిటీ కూర్చుంది. బిస్కెట్లు వచ్చాయి. శుభ్రమ్మ పాత సీసా సంగతి చెప్పింది. సీసా ఏదీ అన్నారు. కరిగించాను, కణాలు పెంచి పరీక్షకు ఇచ్చాను అంది. కరిగించకుండా ఎవరూ పరీక్షించలేరని ఆ బల్ల చుట్టూ ఉన్న ప్రతివాడికీ తెలుసు. అయినా అల్లుడు లేచి మెత్తగా అడిగాడు: "కరిగించినప్పుడు నువ్వే కలిపి ఉండొచ్చు కదా? చేతులు వణికే పరిస్థితిలో ఉన్నావు, పాపం."

పాపం అన్నాడు. కమిటీ తలలూపింది. ఒక విద్యార్థిని అజాగ్రత్త వల్ల ఈ మధ్యనే కొన్ని డబ్బాలు పాడయ్యాయని, మందుకు దానితో సంబంధం లేదని తేల్చింది. ఒక్క సీసా చాలన్న మనిషి గదిలో, తనకంటూ వేరే సీసా పెట్టుకున్న ఒకే ఒక్క మనిషి మీద మురికి చేతులని ముద్ర వేసి బయటికి పంపింది. ఆమె తాళంచెవి తీసుకున్నారు. ఆమె పెంచిన కణాల డబ్బాలను అల్లుడు చెత్తబుట్టలో పడేశాడు.

సారు పరామర్శకు వచ్చాడు, అది కూడా చెప్పాలి. పిన్ని ఎదురుగా కుర్చీలో కూర్చుని, "అమ్మాయి మంచిదే, కానీ తొందర ఎక్కువ" అన్నాడు. పిన్ని ఆయనకు మంచినీళ్లు ఇచ్చింది. ఆయన గటగటా తాగాడు. ఆ నీళ్లు ఎంత సులువుగా దిగిపోయాయో పిన్ని కళ్లప్పగించి చూసింది.

శుభ్రమ్మ ఇప్పుడు పొద్దున్నే హాస్పిటల్ గేటు దగ్గర నిలబడుతోంది. మందు ఎక్కించుకోవడానికి వచ్చేవాళ్లను ఆపి చెబుతోంది. గార్డు చేయిపట్టి పక్కకు లాగేస్తాడు, ఆమె మళ్లీ వస్తుంది. కొందరు వింటారు. ఎక్కువమంది పిచ్చిదనుకుని తప్పుకుంటారు. కండక్టరు మాత్రం ప్రతిసారీ ఆగుతాడు.

"నువ్వు చెప్పేది నిజమేననిపిస్తుందమ్మా" అంటాడు. "కానీ అంత పెద్ద సారు, అంతమంది డాక్టర్లు... వాళ్లంతా చూస్తూ చూస్తూ ఎందుకు చేస్తారు చెప్పు?"

"మీ గడ్డ ఇంకా గోడ దాటలేదన్నారు కదా అన్నయ్యా. సర్జన్ దగ్గరికి పోండి. ఇవాళే పోండి."

"ఈ ఒక్క సంచీ అయ్యాక అడుగుతాలే" అని లోపలికి పోతాడు. ఈ ఉదయం కూడా అదే మాట అని పోయాడు.

ఇంకా లోపలే ఉన్నాడు. ఆ కుర్చీలోనే. చుక్క చుక్కా దిగుతోంది. కాబట్టి ఇది వింటున్నవాళ్లారా, కమిటీలు తర్వాత, విచారణలు తర్వాత, సంతాపాలు అసలే వద్దు. ముందు ఆ వార్డులో వేలాడుతున్న సంచులన్నీ దించండి. కుర్చీల్లో ఉన్న ప్రతి మనిషినీ ఇవాళే, మధ్యాహ్నం భోజనాలకు ముందే, సర్జన్ ఎదుట కూర్చోబెట్టండి. సారు తన గొప్ప కోసం వేరే ల్యాబులకు పంచిపెట్టిన కణాలు ఉన్నాయి, శుభ్రమ్మ చేయి తగలనివి. వాటిని ఆయన మనుషులు కానివాళ్లచేత పరీక్ష చేయించండి. ఆయన్ని ఆ గదిలోంచి రోడ్డు దాటించి తీసుకురండి. కండక్టరు ముందు నిలబెట్టి, ఆ సంచిలో ఏముందో, అది దేన్ని చంపుతుందో, దేన్ని చంపదో ఆయన నోటితోనే చెప్పించండి. ఆయన రానంటే మీరే వెళ్లి చెప్పండి. సూది మీరే తీయండి. ఇప్పుడే.